కొత్తసూది అడిగిన ప్రశ్న

ఫోరం తెరిచాక దానిలోకి మొట్టమొదట అడుగుపెట్టింది అతనే. రెండో మనిషీ అతనే. మూడో మనిషి ఒక అమ్మాయి. ఆ అమ్మాయి కూడా అతనే.

ఒక్క ముక్కలో చెబితే ఇది నవ్వులాటలాగే ఉంటుంది. అతనికీ మొదట్లో అలాగే అనిపించింది. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తరువాత ఎంత వెతుక్కున్నా సరిగ్గా ఆ చోటు దొరకలేదు.

వెనకటి రోజుల్లో బల్లకి బిగించుకుని స్వెటర్లు అల్లుకునే మిషన్లు వచ్చేవి. బల్ల పొడుగునా వరసగా సూదులు, వాటి మీద అటూ ఇటూ తోసే ఒక బండి. ఏ సూది లేవాలో, ఏది పడుకోవాలో లోపలున్న ఎలక్ట్రానిక్ పలక చెబుతుంది. చేసిన కంపెనీలు మూతపడ్డాయి, పలకలు కాలిపోయాయి, ఇనుము మాత్రం చెక్కుచెదరలేదు. పోయిన పలక స్థానంలో చిన్న సర్క్యూటు పెట్టి, కంప్యూటరుతో సూదుల్ని ఆడించే ప్రోగ్రాం ఒకటి ఎవరో రాసి ఉచితంగా వదిలిపెట్టారు. దాని చుట్టూ చేరినవాళ్ళదే ఆ గుంపు. మిషన్లు బాగుచేసేవాళ్ళు, ఇంట్లో అల్లుకునేవాళ్ళు, ఊరికే సర్క్యూట్ల పిచ్చి ఉన్నవాళ్ళు. చాలా ఏళ్ళుగా వాళ్ళ మాటలన్నీ ఒక మెయిలింగ్ లిస్టులో సాగేవి. ఒక చిరునామాకి ఉత్తరం రాస్తే అందరి పెట్టెల్లోనూ పడుతుంది. ఎవరు జవాబిచ్చినా అదీ అందరికీ వెళుతుంది. గదులు లేవు, తలుపులు లేవు.

అతని ఉద్యోగం పంపులు చేసే కంపెనీలో. పంపుతో పాటు అట్టపెట్టెలో వచ్చే చిన్న పుస్తకం, ఎవరూ తెరవకుండా సొరుగులో పడేసే పుస్తకం, అది రాసేది అతను. ఈ ప్రోగ్రాంకి అలాంటి పుస్తకం లేదని తెలిసి, అడగకపోయినా రాసిపెట్టాడు. అలా గుంపులో చేరాడు, అలాగే అడ్మిన్ అయ్యాడు. అతనికి అల్లిక మిషన్ లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

"మిషన్ లేని అడ్మిన్" అని అతనికి పేరు పెట్టింది పిన్నిగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు ఏ ప్రశ్న వేసినా మొదటి జవాబు ఆవిడదే. ఆవిడ ఎవరికి పిన్నో తెలీదు గానీ, గుంపులో డెబ్భై ఏళ్ళ ముసలాయన కూడా "పిన్నిగారూ" అనే రాసేవాడు.

లిస్టు మానేసి ఫోరం పెట్టుకుందామని ప్రతిపాదించింది అతనే. రెంటినీ పోలుస్తూ పొడుగాటి ఉత్తరం రాశాడు. లిస్టులో పాత జవాబు వెతుక్కోవాలంటే గడ్డివాములో దూరినట్టు ఉంటుంది. ఫోరంలో ఏ విషయానికి ఆ గది. ఫోటోలు పెట్టుకోవచ్చు. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడిగే బాధ తప్పుతుంది. కొత్తవాళ్ళు బయట నుంచి తొంగిచూసి, ధైర్యం వచ్చాక లోపలికి రావచ్చు. అన్నీ నిజాలే. రాసినవాడు పంపుల పుస్తకాలు రాసి చెయ్యి తిరిగినవాడు కాబట్టి ఎవరికీ ఎక్కడా లొసుగు దొరకలేదు.

పిన్నిగారి జవాబు చిన్నది. "అడ్మిన్ నాయనా, ఉత్తరమైతే నా ఇంటికొస్తుంది. ఫోరమైతే నేనే దాని ఇంటికెళ్ళాలి. పాస్‌వర్డ్ మర్చిపోతే గుమ్మంలో నిలబెడుతుంది కూడా. చేతులకి నూనె అంటుకుని ఉన్నప్పుడు ఎవరింటికీ వెళ్ళబుద్ధి కాదు. అయినా నలుగురూ ఎటంటే అటే."

నలుగురూ ఫోరం అన్నారు. అన్నారే గానీ రాలేదు.

ఇక్కడ అతను ముందుగా ఊహించనిది ఒకటి ఉంది. లిస్టులో ఎవరూ రాయని రోజు ఉంటే అది మామూలు రోజు. పెట్టెలో ఉత్తరం లేదు, అంతే. ఫోరంలో ఎవరూ రాని రోజు కళ్ళకి కనిపిస్తుంది. గది పేరు, దాని పక్కన సున్నా. ఇంకో గది, ఇంకో సున్నా. ఆఫీసులో భోజనాల వేళ డబ్బా పక్కన ఫోను పెట్టుకుని ఆ సున్నాల్ని చూస్తుంటే, అందరి ముందూ పాట మొదలుపెట్టి మధ్యలో మర్చిపోయినవాడిలా ఒళ్ళు వెచ్చబడేది. లిస్టు మీద తాను రాసిన ఆ పొడుగాటి ఉత్తరంలో చెప్పని కారణం ఒకటుందని అప్పుడే తెలిసొచ్చింది. లిస్టులో అతని మాటలు అందరి మాటల్లో కలిసి కొట్టుకుపోయేవి. ఫోరంలో పేరు పక్కన పోస్టుల లెక్క ఉంటుంది, కృతజ్ఞతల లెక్క ఉంటుంది. సొరుగులో పడేయని పుస్తకం ఒకటి కావాలనుకున్నాడు, అంతే. అంత చిన్న ఆశని అంత పెద్ద వాదనతో కప్పినందుకు తనలో తానే తలవంచుకున్నాడు. తలవంచుకున్నవాడు ఊరుకోవచ్చుగా. ఊరుకోలేదు.

'ఇనపచెయ్యి' అని ఒక పేరు నమోదుచేశాడు. ఏ జవాబుకీ తృప్తిపడని పాత మెకానిక్కు. తరువాత 'నూలుకండె', చమత్కారాలు విసిరే కుర్రాడు. ఇద్దరికీ వాదన పెట్టాడు, బండికి ఏ నూనె మంచిదని. ఆ తరువాత ఒక ప్రశ్న అడిగేవాళ్ళు కావలసి వచ్చారు. ఎవరో ఒకరు అడగందే ఎవరూ చెప్పరు. అలా పుట్టింది కొత్తసూది. పెద్దమ్మగారి స్టోర్‌రూంలో అల్లిక మిషన్ దొరికిన ఇరవై రెండేళ్ళ అమ్మాయి.

ఆదివారాలు అతను అక్క కళ్ళద్దాల దుకాణంలో కూర్చునేవాడు. అక్కా తమ్ముడూ ఆ మేడ మీదే కాపురం. అక్క ఎవరికో ఫ్రేము సరిచేస్తూ, అతని ల్యాప్‌టాప్ వైపు మెడ చాచింది.

"ఎవర్రా ఈ ఇనపచెయ్యి? అచ్చం నీలాగే పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు మాట్లాడుతున్నాడు!"

అతను తెర మూసెయ్యబోయాడు. అక్కకి ఆ తొందర చాలు.

"ఓరి నీ దుంపతెగ! వీళ్ళంతా నువ్వేనా?"

"మెల్లగా అనవే. అందరూ ఇలాగే మొదలుపెడతారు. కొత్తగా హోటలు తెరిస్తే ముందు చుట్టాల్ని కూర్చోబెట్టరూ? అలా."

"చుట్టాల్ని కూర్చోబెడతారు. తనే టోపీలు మార్చుకుంటూ బల్లబల్లకీ తిరగడు." ఫ్రేము వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ అంది. "ఆడపిల్ల కూడానా? దాని పేరేంటి, కొత్తసూదా? దానికి సంబంధం వస్తే నన్ను అడగమను."

నవ్వాడు. అప్పటికి నవ్వు ఇంకా ఉంది.

కొత్తసూది ప్రశ్న తయారుచెయ్యడానికి అతను కష్టపడ్డాడు. లిస్టులోని పాత ఉత్తరాలు తిరగేసి, ఒకరి మిషన్‌లో వచ్చిన లోపాన్నీ ఇంకొకరి మిషన్‌లో వచ్చిన లోపాన్నీ కలిపి కుట్టాడు. బండి కుడి నుంచి ఎడమకి వచ్చేటప్పుడు డిజైన్ ఒక్క సూది పక్కకి జరుగుతోంది. ఎప్పుడూ కాదు, మధ్యాహ్నం పూటే. ఆ మధ్యాహ్నం అనే ముక్క చివర్లో తోచింది. అది పెట్టాక ప్రశ్నకి ప్రాణం వచ్చినట్టయింది. ఇనపచెయ్యి చేత ఒక తప్పు జవాబూ నూలుకండె చేత ఒక వెటకారమూ వేయించి, ఫోను జేబులో పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పిన్నిగారు వచ్చారు.

పాస్‌వర్డ్‌తో కుస్తీపట్టి, ఫోరంలో తన మొదటి పోస్టు ఆవిడ కొత్తసూదికే రాసింది. "అమ్మాయ్, నువ్వు మంచి సంగతి పట్టుకున్నావు. మధ్యాహ్నం అని గమనించినందుకు నిన్ను మెచ్చుకోవాలి, చాలామంది గమనించరు. ఆ ఇనపచెయ్యి మాట పట్టించుకోకు, ఆయనకి నూనె తప్ప ఇంకోటి తెలిసినట్టు లేదు. బండి ఎక్కడుందో కనిపెట్టే సెన్సర్ ఒకటి ఉంటుంది, దాని మీద ఎండ పడుతుందా?"

పిన్నిగారు వచ్చారంటే మిగతావాళ్ళూ వచ్చారు. ముసలాయన వచ్చాడు. ఎప్పుడూ రాయనివాళ్ళు రాశారు. ఎవరో తన మిషన్ ఫోటో పెట్టారు. గదుల పక్కన సున్నాలు పోయి అంకెలు వచ్చాయి. అతనికి ఆ రోజు అన్నం రుచిగా అనిపించింది. నిజానికి అప్పుడే ఆపాలి. కొత్తసూది చేత "తగ్గిపోయిందండీ, థాంక్సండీ" అని ఒక్క ముక్క రాయిస్తే పోయేది. రాయబోయాడు కూడా. కానీ ఫోరంలో జనమున్న గది అదొక్కటే. దీపం పెట్టిన గది అదొక్కటైతే, దాన్నే ఎవరు ఆర్పుకుంటారు? ఇంకొక్క జవాబు వచ్చాక అనుకున్నాడు. వచ్చాక, ఇంకొక్కటి అనుకున్నాడు.

సాంకేతికం తెలిసినవాళ్ళకి ఒక అలవాటుంది. ఒక లోపం ఎందుకొస్తోందో తెలియాలంటే ముందు దాన్ని తమ దగ్గర రప్పించాలి. రప్పించగలిగితే సగం పట్టుకున్నట్టే. పిన్నిగారు తన మిషన్‌లో ఆ లోపాన్ని రప్పించడానికి కూర్చున్నారు. ఎండ తగిలేలా బల్ల జరిపారు. రాలేదు. జుట్టు ఆరబెట్టుకునే మిషన్‌తో సెన్సర్ మీదకి వేడిగాలి కొట్టారు. రాలేదు. ప్రతి ప్రయత్నం తరువాతా ఓపిగ్గా పోస్టు. "ఇవాళ కూడా రాలేదమ్మాయ్. నిరాశపడకు."

అతను అడ్మిన్‌గా ఆవిడకి విడిగా రాశాడు: పిన్నిగారూ, మీ పని పాడుచేసుకోకండి, ఆ అమ్మాయి చూసుకుంటుంది. ఆవిడ జవాబు వెంటనే వచ్చింది. "నువ్వు మిషన్ లేని అడ్మిన్‌వి, నీకేం తెలుసయ్యా. అవతల ఒక పిల్ల ఎదురుచూస్తోంది."

పోనీ అని కొత్తసూది చేతే రాయించాడు, మీరు శ్రమపడొద్దు, నాకోసం ఇంత చెయ్యొద్దు అని. అది ఎంత తెలివితక్కువ పనో రాసి పంపాక గానీ తట్టలేదు. మర్యాదగా వద్దన్న పిల్లకి ఎవరైనా ఇంకా ఎక్కువ చేస్తారు. ఆ మర్యాద చూసి పిన్నిగారు కరిగిపోయారు.

నిజం చెప్పేయడానికి ఏమడ్డొచ్చిందని అతను తరువాత తనని తాను నిలదీసుకున్నాడు. పరువు అనుకుంటే సులువుగా ఉంటుంది. కానీ దాని అడుగున ఇంకోటి ఉంది. ఆవిడ కొత్తసూదికి రాసే మాటలు అతను చదువుకునేవాడు. నిన్ను మెచ్చుకోవాలి. నిరాశపడకు. అన్నం తిన్నావా? ఆ మాటలు తనకి కాదని తెలుసు, తనకి తప్ప ఇంకెవరికీ కాదనీ తెలుసు. లేని పిల్ల కొంగు చాటున నిలబడి ఆ ఆప్యాయతంతా తానే తీసుకుంటున్నాడు. ఇది గ్రహించిన క్షణాన ఆఫీసు మెట్లమీద ఉన్నాడు. పక్క నుంచి వెళుతున్న అకౌంటెంటు "ఏం సార్, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాడు.

మర్నాడు పిన్నిగారి పోస్టులో ఫోటో ఉంది. సెన్సర్ డబ్బా విప్పి ఉంది. కంపెనీవాళ్ళు దాన్ని తెరవడానికి వీల్లేకుండా లోపల గట్టి జిగురు పోసి మూసేశారు. ఆవిడ ఆ జిగురుని వేడిచేసి, కొంచెం కొంచెంగా గీకి తీశారు. లోపల వెంట్రుకంత సన్నటి తీగ తెగి రెండు ముక్కలై కనిపిస్తోంది. కింద ఇలా రాశారు: "తీగ జిగురుతో పాటు ఊడి వచ్చేసింది. నా మిషన్ ఇక డిజైన్లు వెయ్యదు. ఇలాంటి డబ్బా ఇప్పుడెక్కడా దొరకదు. ఫరవాలేదమ్మాయ్, నీ లోపం మాత్రం ఇందులో లేదని తేలింది. ఇంకోచోట వెతుకుదాం."

దాని కింద బోలెడు కృతజ్ఞతలు. ముసలాయన రాశాడు: "ఇలాంటి మనుషులున్న చోటు ఎక్కడుంటుంది! లిస్టు పోయిందని బాధపడ్డాను గానీ, ఫోరం పెట్టినందుకు అడ్మిన్‌గారికి నమస్కారం."

ఆ నమస్కారం అతని చెంప మీద పడ్డట్టయింది.

పిన్నిగారి మిషన్ మీద ఏముందో గుంపులో తెలియనివాళ్ళు లేరు. ఆవిడ పనిచేసిన ఎక్స్ఛేంజీని పడగొట్టేశారు. అందులోని స్విచ్చుల పటాన్ని, ఏ తీగ ఎక్కడికి పోయేదో ఆ గీతలన్నిటితో సహా, ఒక పెద్ద దుప్పటిగా అల్లుతున్నారు. పాతవాళ్ళంతా కలుసుకునే రోజున గోడకి తగిలించాలని. సగం అయింది. అయిన సగం మిషన్‌కే వేలాడుతోంది.

అక్క దుకాణంలో ఆ వేళ ఎవరూ లేరు. అతను అంతా చెప్పాడు. అక్క ఎగతాళి చెయ్యలేదు. అది మరీ కష్టంగా ఉంది.

"చెప్పెయ్యరా."

"ఎలాగే?"

"నోటితో. భయం దేనికి, తిడుతుందనా?"

"తిట్టదని."

అక్క చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. "ఫోన్లో వద్దు. వెళ్ళు. ఆవిడ ముందు కూర్చుని చెప్పు. మొహం చాటేసే పని ఇప్పటిదాకా చేసింది చాలు."

రైలు దిగి, చిరునామా అడుగుతూ వెళ్ళేసరికి పొద్దున్న పది దాటింది. పాత పోస్టాఫీసు వెనకాల సందు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు. కిటికీ పక్కనే పని గది. లోపల టంకం వాసన, నూనె వాసన. గోడకి రంగురంగుల నూలు కండెలు. కిటికీ కింద మిషన్. దాని సూదుల నుంచి దుప్పటి కిందకి వేలాడుతోంది, కొనలకి తగిలించిన బరువులతో. తెల్లటి నేల మీద నల్లటి గీతలు కిందనుంచి పైకి వెళ్ళి వెళ్ళి, సూదుల దగ్గర ఆగిపోయాయి.

పిన్నిగారు అతను అనుకున్నదాని కన్నా పొట్టి మనిషి. పేరు చెప్పబోతే ఆవిడే అందుకుంది.

"మిషన్ లేని అడ్మిన్! ఫోన్లో ఒక్కసారి విన్నా గొంతు పట్టి చెప్పేస్తానయ్యా నేను, ఎక్స్ఛేంజీ చెవులు ఇవి. కూర్చో, కూర్చో. గుంపు వల్ల పరిచయమైన మనిషిని కంటితో చూడటం ఇదే మొదలు. టీ తాగుతావా?"

"వద్దండి."

"తాగుతావు." టీ పెట్టుకొచ్చింది. డబ్బా చూపించింది, తెగిన తీగ చూపించింది, తన తొందరపాటుని తానే తిట్టుకుంది. మధ్యలో అంది: "ఆ పిల్ల పాపం బాగా నొచ్చుకుని ఉంటుంది. రెండ్రోజులుగా పలకట్లేదు. నీకేమైనా రాసిందా? తన వల్లే నా మిషన్ పోయిందని కుమిలిపోతోందేమో. తన తప్పేం లేదని నువ్వైనా చెప్పు."

అతను కప్పు కింద పెట్టాడు.

"ఆ పిల్ల లేదు పిన్నిగారూ."

"లేదంటే? మానేసిందా?"

"అసలు లేదు. నేనే. ఫోరంలో ఎవరూ రావట్లేదని... నేనే రాశాను."

ఆవిడకి అర్థం కావడానికి సమయం పట్టింది. చెవిన పడ్డ మాట లోపలికి దిగడాన్ని అతను ఆ మొహంలో చూశాడు. ముందు చిరునవ్వు అలాగే ఉండిపోయింది, దాన్నెవరూ తీయడం మర్చిపోయినట్టు. తరువాత పోయింది.

"పెద్దమ్మ స్టోర్‌రూం?"

"లేదండి."

"మిషన్?"

"లేదు."

"మధ్యాహ్నం పూటే వస్తుందని..."

"ఊరికే తోచింది. నమ్మేలా ఉంటుందని."

"అది బాగా రాశావు." ఆవిడ గొంతులో వెటకారం లేదు. "నేను పడింది ఆ ముక్క దగ్గరే. అబద్ధం చెప్పేవాళ్ళు మధ్యాహ్నం అనరు." టీ కప్పు పక్కకి జరిపింది. "ఇనపచెయ్యో?"

"నేనేనండి."

"వాడితో నేను పోట్లాడాను కూడాను! నూలుకండె?"

అతను తల ఊపాడు. ఆవిడ లేచి, చేతులు తుడుచుకుని, మిషన్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. దుప్పటి అంచుని వేళ్ళతో సవరించింది, సవరించడానికేమీ లేకపోయినా. తిడితే బాగుండును అనుకున్నాడు. గిన్నె విసిరినా బాగుండును. ఆవిడ వీపు వైపు చూస్తూ, రైల్లో వల్లెవేసుకున్న మాటలు అప్పజెప్పాడు. ఫోరంలో అందరి ముందూ రాసేస్తాననీ, పాత లిస్టులో ఉన్నవాళ్ళందరికీ కూడా పంపుతాననీ, అడ్మిన్ పని వదిలేస్తాననీ.

"ఎందుకు?" అంది ఆవిడ ఇటు తిరక్కుండానే.

"తప్పు చేశాను కదండీ. తెలియాలి కదా అందరికీ."

"నువ్వు రాసేస్తే నీ మనసు తేలికవుతుంది. బాగానే ఉంది. మరి నాది?" ఇప్పుడు తిరిగింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. కోపం అనుకున్నాడు. కాదు, అది అతనికి బాగా తెలిసిన రంగు. వారం రోజులుగా అద్దంలో చూస్తున్న రంగు. "ఎక్స్ఛేంజీలో నా కింద పిల్లలకి మొదటి రోజు ఏం నేర్పేదాన్నో తెలుసా? లైను అవతల మనిషి ఉన్నాడో లేడో చూసుకోకుండా తీగ ముట్టుకోవద్దని. అరిచి మరీ నేర్పేదాన్ని. ఆ పిల్లల్లో ఇద్దరు మన గుంపులోనే ఉన్నారు. లేని పిల్ల కోసం మేడమ్ ఉన్న మిషన్ ఊడదీసుకుందని వాళ్ళు చదవాలా?"

"మీరు చేసింది మంచి పని పిన్నిగారూ. నవ్వరు."

"జాలిపడతారు. అది ఇంకా దరిద్రం."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొడుతూ పోయారు. తన సిగ్గు ఒక్కటే ఈ గదిలోకి వచ్చిందనుకున్నాడు అతను. దాన్ని తెచ్చి ఈవిడ ముందు దించేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోవచ్చనుకున్నాడు. ఇప్పుడు గదిలో రెండున్నాయి. రెండోది కూడా తను తెచ్చిందే.

"నువ్వెవరికీ చెప్పడానికి వీల్లేదు" అంది పిన్నిగారు. "మీ ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"మా అక్కకి."

"అక్కతో ఆపు. ఆ సంచిలో ల్యాప్‌టాప్ ఉంటే ఇలా తే. ఆ ప్రశ్న అలా తెరిచిపెట్టి ఉంచితే ఇంకెవరో పిచ్చివాళ్ళు ఇంకో డబ్బా పగలగొడతారు. ఆ పిల్ల చేత ముగింపు రాయించు. తన దగ్గర ఒక కనెక్టరు వదులుగా ఉందట, బిగించుకుంటే సరిపోయిందట."

"అది అబద్ధం కదండీ. రేపెవరైనా చదివి నిజమనుకుంటే?"

ఆవిడ అతని వైపు చూసిన చూపులో మొదటిసారి కోపం కనిపించింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు? అందుకే కనెక్టరు అంటున్నా. కనెక్టరు బిగించుకుంటే ఎవరి మిషనూ పాడవదు. ఇంకో సంగతి పెద్ద అక్షరాల్లో రాయి. సెన్సర్ డబ్బా ఎవరూ విప్పొద్దు, జిగురుతో పాటు తీగ వచ్చేస్తుంది. ఇందులో అదొక్కటీ నిజం. అది ఉండాలి."

"మీ దుప్పటి..."

"చేత్తో అల్లుతాను. అయినంత వరకూ అవుతుంది. దాని ఊసెత్తకు."

అతను ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. పిన్నిగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది, తెర కనబడేలా. కొత్తసూది పేరుతో లోపలికి వెళ్ళాడు. ఆవిడ కళ్ళ ముందు ఆ పేరూ దాని పాస్‌వర్డూ కొడుతుంటే బట్టలు మార్చుకుంటూ దొరికిపోయినట్టుంది. రాశాడు. కనెక్టరు వదులుగా ఉన్న సంగతి, బిగించాక డిజైన్ తిన్నగా వస్తున్న సంగతి, డబ్బా విప్పొద్దన్న హెచ్చరిక, అందరికీ కృతజ్ఞతలు. వేళ్ళు ఎంత చకచకా నడిచాయో చూసి అతనికే అసహ్యమేసింది. ఇందాక తన సొంత గొంతుతో నాలుగు మాటలు చెప్పడానికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఈ గొంతుతో ఎక్కడా తడబాటే లేదు.

పిన్నిగారు ముందుకి వంగి చదివింది.

"ఆ పిల్ల ఇలా రాయదు."

"ఏం తప్పొచ్చిందండీ?"

"తన సంగతి ముందు చెప్పదు. ముందు క్షమించమంటుంది, ఆ తరువాతే ఏదైనా. ప్రతిసారీ అలాగే మొదలుపెట్టింది." ఆవిడ అతని మొహంలోకి చూసింది. "నీకు తెలీదా? రాసింది నువ్వేగా."

తెలీదు. ఇన్నాళ్ళూ గమనించలేదు. పైకి జరిపి చూసుకున్నాడు. నిజమే. మొదటి పోస్టు నుంచీ, ప్రశ్న అడగకముందు నుంచీ, ఆ పిల్ల అందరినీ క్షమించమని అడుగుతూనే ఉంది.

రాసిందంతా తుడిచేశాడు. ఖాళీ గడిలో గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. 'పిన్నిగారూ, నన్ను క్షమించండి' అని కొట్టాడు. ఆ తరువాత వేళ్ళు కదలలేదు. అక్షరాలు తెర మీద అలుక్కుపోతున్నాయి. పక్కకి తిరిగి చూసే ధైర్యం లేదు.

ఆవిడ కుర్చీ కిర్రుమంది.

"ఊఁ," అంది చివరికి. "తరువాతిది రాయి."